మేనత్తని వదిలిపెట్టిన విధం

ఆ శుక్రవారం పొద్దున సూపర్‌వైజరు గారి పథకంలో మూడే పనులున్నాయి. ఏడుంపావు నుంచి ఏడూ నలభై దాకా కూతురి ఆటలో నాణేలు సంపాదించడం, ఎనిమిదింటికి అక్కగారిని కంటి ఆసుపత్రి దగ్గర వదిలిపెట్టడం, ఎనిమిదీ నలభైకి ఫ్యాక్టరీలో ఉండడం. సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా రెండో లైను చూస్తున్న మనిషి ఆయన. నిమిషానికి ఆరు వందల మూతలు. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది. పాలగిన్నె మీద మూత పెట్టడానికి నాలుగు సెకన్లు ఎందుకు పడుతోందని భార్యని కూడా ఒకసారి అడిగాడు. ఒకసారే అడిగాడు.

ఆ ఆట కూతురిది. పద్నాలుగేళ్ల పిల్ల, బుధవారం ఈత శిబిరానికి వెళ్లింది. అక్కడికి ఫోన్లూ టాబ్లెట్లూ తేనివ్వరు. వింత జంతువుల్ని పట్టుకుని, పెంచి, ఇతరుల జంతువులతో పోటీకి దించే ఆట అది. గెలిస్తే నాణేలొస్తాయి. ఆ ఆటలోని అంగట్లో ఏడాదికోసారి ఒక జత రెక్కలు అమ్మకానికి పెడతారు. వెల యాభై వేల నాణేలు, గడువు ఆదివారం సాయంత్రం ఆరు గంటలు. కూతురి దగ్గర పదివేల చిల్లర ఉన్నాయి.

"అమ్మకిస్తే పొయ్యి పక్కన పెడుతుంది నాన్నా. నిన్నే నమ్ముతున్నా. నాణేలు నువ్వు జమచెయ్యి, రెక్కలు మాత్రం నేనొచ్చి నా చేత్తో కొంటా" అంది టాబ్లెట్టు ఆయన చేతిలో పెట్టి.

ఆ పిల్ల తండ్రిని నమ్మి ఒక వస్తువు అప్పగించడం ఇది రెండోసారి. మొదటిసారి అప్పగించింది చేపల తొట్టి. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"ఇంకో సంగతి. వీటికి పేర్లు పెట్టుకున్నా. నీలోనే ఉంచుకో."

నలభై నాలుగు జంతువులున్నాయి. పెద్దమ్మ, చిన్నాన్న, లెక్కల టీచరు, ఎదురింటి డాక్టరు, ఇలా. అన్నిటికన్నా ముందు వరసలో ఒక బంగారురంగు కప్ప కూర్చుని ఉంది. గుమ్మడికాయంత ఉంది. నెత్తిమీద ముళ్ల కిరీటం. కోపమొస్తే బుగ్గలు పూరించి ఈల వేస్తుంది. దాని పేరు మేనత్త. అసలు మేనత్త, అంటే ఆయన అక్కగారు, ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా చేసి, రిటైరై, ఆ ఇంటి మేడమీదే ఉంటోంది. నవ్వు ఆపుకోడానికి సూపర్‌వైజరు గారికి పదకొండు సెకన్లు పట్టింది.

"మేనత్తని మాత్రం పోటీకి దించకు నాన్నా. మూడేళ్లు పెంచాను. దానికేమైనా అయితే నేను భరించలేను."

దించనని మాటిచ్చాడు. ఆ మాట తప్పలేదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

రెండు రోజులు కూతురు రాసిచ్చిన ప్రకారమే ఆడాడు. మొత్తం పన్నెండు వేలయింది. కానీ స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే రాబడి నిమిషానికి ముప్పై ఒక్క నాణెం. ఆ లెక్కన మిగిలినదానికి ఇంకో ఇరవై గంటలు కావాలి. ఇంత దరిద్రంగా నడిచే లైనుని ఆయన జన్మలో చూడలేదు. అందుకని శుక్రవారం పొద్దున కూతురి చీటీ పక్కన పెట్టి, ఆటలో ఇంతవరకూ తెరవని అరలన్నీ తెరిచాడు. 'పచ్చిక మైదానం' అనే చోట ఒక్కో జంతువు బొమ్మ కింద ఒక మీట కనిపించింది. దానిమీద తెలుగులో 'వదిలిపెట్టు' అని ఉంది.

బాగుంది, అనుకున్నాడు. ఖాళీగా కూర్చున్న జంతువుల్ని మైదానంలో వదిలిపెడితే మేస్తాయి, వాటి పని అవి చేసుకుంటాయి, మళ్లీ తెచ్చుకోవచ్చు.

'మేనత్తను నిజంగా వదిలిపెట్టమంటారా?' అని ఆట అడిగింది. ఇంకో ఇరవై నిమిషాల్లో సొంత అక్కని ఆసుపత్రి దగ్గర వదిలిపెట్టబోయే మనిషికి ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. అవునని నొక్కాడు. కప్ప నాలుగు గెంతులు వేసి, ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చెట్లలోకి వెళ్లిపోయింది. 'మూడేళ్ల పెంపకానికి కృతజ్ఞతగా 9,000 నాణేలు' అని తెరమీద పడింది.

రెండు సెకన్లలో తొమ్మిది వేలు. సూపర్‌వైజరు గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

తర్వాత పెద్దమ్మని వదిలిపెట్టాడు. చిన్నాన్నని, డాక్టరుని, లెక్కల టీచరుని వదిలిపెట్టాడు. తలకి ఏడు వందల చొప్పున నలభై రెండు తలలు. ఆఖరిదాని దగ్గర మీట పనిచెయ్యలేదు. కనీసం ఒక్క జంతువైనా ఉండి తీరాలట. అదొక నత్త. చురుకుదనం రెండు. ఇష్టాలు: నిద్ర. పేరు చూశాడు. 'నాన్న' అని ఉంది.

ఆ పేరు వంక ఆయన కాసేపు చూశాడు. ఎంతసేపో లెక్కపెట్టలేదు. మొత్తం మాత్రం యాభై వేల నాలుగు వందలు తేలింది.

"ఏంట్రా, పొద్దున్నే మొహం వెలిగిపోతోంది?" అంది అక్కగారు దారిలో.

"పని తొందరగా తెమిలిందక్కా."

"పని తొందరగా తెమిలిందంటే ఏదో మర్చిపోయావన్నమాట" అని ఆవిడ ఆసుపత్రి గుమ్మంలో దిగింది.

పదింటి టీ వేళకి క్వాలిటీ చూసే అమ్మాయితో ఈ విజయం పంచుకున్నాడు. ఆ అమ్మాయి కూడా అదే ఆట ఆడుతుంది. విన్నంతసేపు విని, కప్పు కింద పెట్టింది.

"సార్, మైదానంలో దింపడం వేరు, వదిలిపెట్టడం వేరు. వదిలిపెట్టడమంటే విడిచెయ్యడం సార్. అడవిలోకి తోలెయ్యడం. అక్కడ కోపంగా తిరుగుతూ ఎదురుపడినవాళ్ల మీద పడతాయి. ఇక అవి మనవి కావు."

"నేను వదిలిపెట్టానంటే... వదిలిపెట్టాననే అనుకున్నానమ్మా."

"పోన్లెండి సార్, మిగతావి మామూలువే. పెద్దది, ఎక్కువకాలం పెంచింది ఏదీ లేదుగా?"

సూపర్‌వైజరు గారికి చేపల తొట్టి కళ్లముందు మెదిలింది. లేచి వెళ్లి, మూతలు రాలే చప్పుడు మధ్య, భార్యకి ఫోన్ చేశాడు.

"మేనత్తని వదిలిపెట్టేశాను" అన్నాడు.

ఆవిడకి జంతువుల పేర్లు తెలీవు. పిల్లలున్న ఇంట్లో మనుషుల్ని పిల్లల వరసతోనే చెప్పుకుంటారు కాబట్టి, ఆ మాటలో ఆవిడకి వింతేమీ తోచలేదు. "తెలుసుగా, ఎనిమిదింటికే వదిలిపెట్టారుగా" అంది.

"అది కాదే! నిజంగా వదిలిపెట్టేశాను. ఇక మనింటికి రాదట."

"రాదట ఏమిటి? ఎవరన్నారు?"

"క్వాలిటీ అమ్మాయి. అడవిలోకి పోయుంటుందట. చాలా కోపంగా ఉంటుందట. ఎవరు ఎదురుపడినా మీద పడుతుందట."

"మళ్లీ ఏమన్నారు మీరావిణ్ణి?" అని భార్య అడుగుతుండగా చప్పుడులో ఫోన్ తెగిపోయింది. ఆవిడ పొయ్యి ఆర్పేసి చెప్పులు వేసుకుంది.

ఇక్కడ ఆయన సెలవు కోసం మేనేజరు గదిలోకి వెళ్లాడు. ఇరవై రెండేళ్లలో మూడోసారి సెలవడగడం.

"మేనత్త పోయింది సార్."

మేనేజరు లేచి నిలబడ్డాడు. "అయ్యయ్యో. మీ మేనత్తగారా?"

"మా అమ్మాయి మేనత్తండి."

"అంటే మీ సొంత అక్కగారే కదయ్యా!"

"అమ్మాయే పెంచింది సార్. మూడేళ్లు. తిండి, మందులు, అన్నీ ఆ పిల్లే చూసుకునేది. నేనే అజాగ్రత్తగా..."

పద్నాలుగేళ్ల పిల్ల మూడేళ్లపాటు మేనత్తకి సేవ చేసిందన్న సంగతి మేనేజరుని కదిలించింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత స్వయంగా వెళ్లి రెండో లైను ఆపించి, అందరినీ రెండు నిమిషాలు మౌనంగా నిలబడమన్నాడు. ఎందుకో తెలియకపోయినా సూపర్‌వైజరు గారూ తలవంచుకుని నిలబడ్డాడు. మనసులో మాత్రం పన్నెండు వందల మూతలు అనుకున్నాడు.

అదే సమయానికి కంటి ఆసుపత్రి బల్లమీద భార్యకి వదినగారు కనిపించలేదు. ఆసుపత్రి వెనక టేకు తోట ఉంది. అడవి లాంటిది ఆ చుట్టుపక్కల అదొక్కటే. కాపలావాణ్ణి వెంటబెట్టుకుని, "వదినా! మా ఆయన మాటలు పట్టించుకోకు వదినా! ఇంటికి రా!" అని అరుస్తూ మధ్యాహ్నం మూడింటిదాకా తిరిగింది. కంటిలో చుక్కలు వేయించుకున్న వదినగారు మాత్రం ఆటో ఎక్కి ఇంటికొచ్చేసి, నల్లకళ్లద్దాలతో ముందుగదిలో కూర్చుంది. ఆయన లోపలిగదిలో తలుపేసుకుని నత్తతో కప్పని వెతుకుతున్నాడు.

నాలుగింటికి తలుపు చప్పుడైంది. అక్కగారే తీసింది. గుమ్మంలో మేనేజరు, వెనక పూలగుత్తితో క్వాలిటీ అమ్మాయి, ఇంకా నలుగురు.

"చాలా బాధాకరమండీ" అన్నాడు మేనేజరు మెల్లగా. "ఎన్నింటికి జరిగింది?"

"తొమ్మిదింటికి. రెండేసి చుక్కలు వేశారు" అంది ఆవిడ.

"నొప్పి తెలియకుండా వెళ్లిపోయారన్నమాట."

"ఎవరు వెళ్లిపోయింది?"

"అదే... సూపర్‌వైజరు గారి అక్కగారు."

ఆవిడ కళ్లద్దాలు తీసింది. "నేనే."

మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు. మిగతావాళ్లు ఆయన కన్నా ముందే వేసేశారు. సరిగ్గా అప్పుడే జుట్టులో టేకాకుతో భార్య మెట్లెక్కింది. వదినగారిని చూసి బావురుమంది. ఆ ఏడుపుకి లోపలిగది తలుపు తెరుచుకుంది. ఇక దాచడానికేమీ మిగల్లేదు. పేర్లు దాచమన్న కూతురి మాట కూడా ఆ గుమ్మంలోనే పోయింది.

"కప్పా?" అంది అక్కగారు.

"బంగారురంగు కప్పక్కా" అన్నాడు, అదేదో ఊరట అయినట్టు.

ఆవిడ టాబ్లెట్టు ముక్కుకి ఆనించుకుని బొమ్మ చూసింది. "నా పోలికెక్కడుందిరా దీంట్లో?" అంది బుగ్గలు పూరించి. ఆరుగురు ఫ్యాక్టరీ మనుషులూ ఒకేసారి పూలగుత్తి వంక చూశారు.

"ఎంతకి వదిలేశావు నన్ను?"

"తొమ్మిది వేలకి."

"తక్కినవాళ్లకెంతొచ్చింది?"

"తలా ఏడొందలు."

"మీ వదినకీ ఏడొందలేనా?" వదినంటే కూతురికి పెద్దమ్మ.

"ఆవిడకీ అంతే."

అక్కగారు కొంత శాంతించింది. "సరే. పట్టుకో మళ్లీ. పిల్ల వచ్చేలోపు నేను ఇంట్లో ఉండాలి."

శనివారం పొద్దున్నే ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర చేరారు. క్వాలిటీ అమ్మాయి ఫోన్లో దారి చెబుతుంటే, పదకొండింటికి ఒక చెరువు గట్టున మేనత్త కనిపించింది. బలం తొంభై. ఇటు పక్క నిలబడింది నత్త. బలం రెండు.

"కొట్టరా!" అంది అక్కగారు.

కొట్టాడు. కప్ప ఈల వేసింది. నత్త పడిపోయింది. తెరమీద యాభై వేల నాలుగు వందలు కాస్తా పాతికవేల రెండు వందలయ్యాయి.

"సార్, ఓడిపోతే సగం పోతాయి. చెప్పలేదా?" అంది ఫోన్లో అమ్మాయి.

"ఇంకోసారి కొట్టు. అలిసిపోయుంటుంది" అంది అక్కగారు. పన్నెండు వేల ఆరువందలు.

"ఆపండి, మిగిలినవైనా ఉంటాయి" అంది భార్య.

"మిగిలినవాటితో రెక్కలు రావు, కప్పా రాదు. అదైనా దక్కాలిగా!" అన్నాడాయన. ఇరవై రెండేళ్లుగా లైను ఆగకూడదన్న మనిషి. ఆరువేల మూడు వందలు. ఆదివారం మధ్యాహ్నానికి తొమ్మిదిసార్లు ఓడిపోయాడు. తొంభై ఎనిమిది నాణేలు మిగిలాయి.

నాలుగింటికి కూతురొచ్చింది. తల ఇంకా తడిగానే ఉంది. సంచి కూడా దించకుండా టాబ్లెట్టుకి చెయ్యి చాపింది. ఆయన ఇచ్చి, ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగినప్పుడు నివేదిక చదివే గొంతుతో, మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. మేనత్తను వదిలిపెట్టడం, నలభై రెండుమందిని వదిలిపెట్టడం, పేర్లు బయటపడడం, తొమ్మిది ఓటములు. ఏదీ దాచలేదు. చివర, "చేపలప్పుడు కూడా నేనే తల్లీ. కరెంటు పోవడం కాదు. ఆదా అవుతుందని తొట్టిలో గాలి మోటారు నేనే ఆపాను" అన్నాడు.

అక్కగారు కూడా గోడవైపు తిరిగింది.

కూతురు తెర చూసింది. "తొమ్మిదిసార్లు కొట్టావా దాన్ని?"

"ఒక్కటీ తగల్లేదు."

"కొడితే కొడుతుంది నాన్నా. పెంచిన జంతువుని కొట్టకూడదు. ఊరికే పక్కన కూర్చోవాలి." నత్తని చెరువు గట్టుదాకా నడిపి, కప్ప పక్కన ఆపి, టాబ్లెట్టు బల్లమీద పెట్టేసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"ఏమీ చెయ్యకూడదు."

మూడు నిమిషాలు ఎవరూ ఏమీ చెయ్యలేదు. అది ఆయనకెంత కష్టమైందో మెడలో స్టాప్‌వాచికి తెలుసు. అప్పుడు కప్ప లేచి, గెంతి, నత్త పక్కన కూర్చుంది. 'మేనత్త తిరిగి వచ్చింది. గెలుచుకున్న నాణేలు తెచ్చింది' అని పడింది. యాభై వేల మూడు వందల రెండు. తొమ్మిదిసార్లూ ఆయన దగ్గర గుంజుకున్నవే.

కూతురు ఆరింటికి ముందే రెక్కలు కొని కప్పకి తగిలించింది. అక్కగారు రెక్కలు ఎడమవైపు కొంచెం వంకరగా ఉన్నాయని సరిచేయించింది.

"తక్కినవాళ్లో?" అన్నాడాయన బెదురుగా.

"వాళ్లని నేనే వదిలేద్దామనుకున్నా. పెద్దమ్మయితే మరీ తినేసేది."

"మరి ఆ నత్త? దేనికీ పనికిరాదుగా?"

"రాదు. కానీ దాన్ని వదలబుద్ధి కాదు నాన్నా" అని సంచి తీసుకుని స్నానానికి వెళ్లిపోయింది.

సూపర్‌వైజరు గారు అలవాటుకొద్దీ లెక్కవేశాడు. మూడు నిమిషాలు ఏమీ చెయ్యకుండా కూర్చున్నందుకు యాభై వేల పైచిలుకు. అన్నిటికన్నా సమర్థమైన ఈ పద్ధతి తమ ఫ్యాక్టరీ మేడమీది పెద్ద అధికారుల గదుల్లో ఎప్పటినుంచో అమల్లో ఉందని ఆయనకి మొదటిసారి అర్థమైంది.