మేఖలా నిద్రలో చెప్పిన నంబరు

ఆ ఉదయం మేఖలా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఒక నంబరు పెట్టుకోవాలి, మర్నాడు మధ్యాహ్నం మూడింటిదాకా దాన్ని ఎవరికీ చెప్పకుండా ఉండాలి. పదహారేళ్ల పిల్లకు ఆమాత్రం చేతకాదా అని మీరనుకోవచ్చు. మేఖలా సంగతి తెలిసినవాళ్లు అలా అనుకోరు. మెకాంగ్ నది మీద పొగమంచు కదులుతుంటే చూస్తూ నిలబడి, కళ్లముందే ఎక్కాల్సిన పడవను వదిలేసుకున్న పిల్ల అది.

వేసవి సెలవుల్లో ఊరి బడిలో కంప్యూటర్ శిబిరం పెట్టారు. పట్నం నుంచి వచ్చిన విచియన్ మాస్టారు ఐదు రోజులుగా పదకొండు మంది పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. కంప్యూటర్ పొట్టలో ఏముంటుంది, పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి, మోసగాళ్లు తియ్యటి కబుర్లతో మన గుట్టు ఎలా లాగుతారు, ఇలాంటివి. ఆరో రోజు పొద్దున్నే ఆయన పరీక్ష పెట్టారు.

"ఒక్కొక్కరూ బడి కంప్యూటర్లో మీ పేరున ఉన్న ఫోల్డర్‌కి ఆరంకెల తాళం వెయ్యండి. వేశాక మార్చడానికి వీల్లేదు. రేపు మూడింటిలోగా మిగతావాళ్లు దాన్ని కనిపెట్టొచ్చు. అడగండి, ఏమార్చండి, భుజం మీంచి తొంగి చూడండి, మీ ఇష్టం. కానీ ఒక్కో తాళం మీద మనిషికి మూడు ప్రయత్నాలే. తాళం నిలబెట్టుకున్నవాళ్లు జిల్లా కాలేజీలో రెండు నెలల కోర్సుకి వెళ్తారు."

మేఖలాకు ఆ కోర్సు కావాలి. ఎంతగా కావాలంటే, రెండు రోజులుగా అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తినడం మరిచిపోతోంది. అది రాకపోతే సెలవులన్నీ అమ్మమ్మ బువాఫాన్ దుకాణంలో పచ్చి బొప్పాయి పచ్చడి దంచుతూ గడపాలి. రోకలి చప్పుడు వింటూ కలలు కనడం కుదరదు. ఒకసారి ప్రయత్నించి బొటనవేలు చితక్కొట్టుకుంది.

పుట్టినరోజులూ ఇంటి నంబర్లూ ఎవరూ పెట్టకుండా మాస్టారు అన్నం పెట్టుకునే వెదురు బుట్టలో పది సోడా మూతలు వేసి, వాటి మీద సున్నా నుంచి తొమ్మిది దాకా రాశారు. మేఖలా కళ్లు మూసుకుని తీసింది, చూసి మళ్లీ బుట్టలో వేసింది. అలా ఆరుసార్లు. నాలుగు, సున్నా, తొమ్మిది, మూడు, ఏడు, ఒకటి. కాగితం మీద రాయకూడదు కాబట్టి ఇంటికి నడిచినంతసేపూ లోలోపల వల్లె వేసుకుంది.

మధ్యాహ్నం భోంచేసి, స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద కట్టిన ఊయలలో వాలింది. నది మీంచి గాలి మెల్లగా వచ్చి వెళుతోంది. వల్లె వేస్తూనే నిద్రలోకి జారింది. కలలో మెకాంగ్ పాలలా తెల్లగా ఉంది. అందులో ఒక పెద్ద నాగం ఏ తొందరా లేకుండా ప్రవాహానికి ఎదురీదుతోంది. దాని పొలుసుల మీద అంకెలు మెరుస్తున్నాయి. అది ఆగి తనవైపు చూసింది. మేఖలాకు భయం వేయలేదు, చాలా హాయిగా అనిపించింది. అంత హాయిగా ఉన్నప్పుడు మనిషి నోరు ఊరుకోదు.

"నాగరాజా, నాలుగు సున్నా తొమ్మిది మూడు ఏడు ఒకటి, ఎవరికీ చెప్పకు," అంది పైకే.

పక్కనే బొప్పాయి తరుగుతున్న బువాఫాన్ కత్తి కింద పెట్టింది. మర్నాడు లాటరీ. నిద్రపోతున్న ఆడపిల్ల, నాగరాజు పేరు, ఆరంకెలు. లాటరీ టిక్కెట్టు మీద ఉండేదీ ఆరంకెలే. ఆ ఊళ్లో ఇంతకన్నా తక్కువ సాక్ష్యంతో ఇళ్లు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. ఆమె పిల్లి అడుగులతో వీధిలోకి నడిచి, లాటరీ టిక్కెట్లమ్మే తోంగ్సాయ్ చెవిలో చెప్పింది.

"నీకొక్కదానికే చెబుతున్నానే. ఎవరితోనూ అనకు."

"నేనా? నా నోట్లోంచి మాట రావడం ఎప్పుడైనా చూశావా వదినా," అంది తోంగ్సాయ్. ఆమె రోజంతా టిక్కెట్లు చూపిస్తూ వీధులన్నీ అరుచుకుంటూ తిరిగే మనిషి.

మేఖలా నిద్రలేచేసరికి రేవు దగ్గర నాగరాజు గుడి ముందు నైవేద్యంగా పెట్టిన ఎర్ర సోడా సీసాలు, తాగే గొట్టాలతో సహా బారులు తీరి ఉన్నాయి. ఐస్ బండి మీద ఎవరో సుద్దముక్కతో ఆరంకెలు రాశారు. ఆమె గబగబా బండి దగ్గరికి వెళ్లింది. చొక్కా అంచుతో వాటిని తుడిచేసింది.

"చూశారా, తుడిచేస్తోంది," అన్నాడు ఐస్ బండివాడు. "అంటే నిజమేనన్నమాట."

ఆమె ఇంటికి పరుగెత్తింది. "అమ్మమ్మా, అది దేవుడి నంబరు కాదు. నా తాళం నంబరు. సోడా మూతల్లో వచ్చింది."

"సోడా మూతలు ఎవరికి ఇష్టం తల్లీ? ఎర్ర సోడా తాగే నాగరాజుకే కదా. ఆయనే నీ చేత తీయించాడు."

"నా కోర్సు పోతుంది అమ్మమ్మా."

బువాఫాన్ మొహంలో ఒక్క క్షణం నిజంగానే దిగులు కనిపించింది. "అయ్యో, నాకు తెలియలేదే. తోంగ్సాయ్‌ని నోరు మూసుకోమని చెప్పొస్తానుండు," అని వెళ్లి, దారిలో కనిపించిన ప్రతివారికీ ఈ నంబరు ఎవరితోనూ అనొద్దని, నంబరుతో సహా చెప్పి వచ్చింది.

మర్నాడు ఉదయం శిబిరంలో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఊరిపెద్ద మైకు గరగరలాడింది. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. బువాఫాన్ గారి మనవరాలు మేఖలా నిద్రలో చెప్పిన నాలుగు సున్నా తొమ్మిది మూడు ఏడు ఒకటి టిక్కెట్లు అయిపోయాయి. చివరి రెండంకెలు కలిసినా బహుమతే, అవి ఇంకా ఉన్నాయి. దయచేసి రేవు దగ్గర తోసుకోకండి."

పది తలలు మేఖలా వైపు తిరిగాయి. ఆమె తల వంచుకుంది. కోర్సు, కాలేజీ, అన్నీ పొగమంచులా తేలిపోతున్నట్టు అనిపించి కళ్లనిండా నీళ్లొచ్చాయి. వాటిని దాచుకోవడానికి కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చుంది. దూరం నుంచి చూసేవాళ్లకు అది మహా నిబ్బరంలా కనిపించింది.

ముఖ్యంగా పకోన్‌కి. పకోన్ శిబిరంలో అందరికన్నా చురుకైనవాడు, అప్పటికే ఏడు తాళాలు తెరిచాడు. మాస్టారు నాలుగో రోజు చెప్పిన ఎర పాఠాన్ని ముంజేతి మీద రాసుకున్నవాడు.

"ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు మిగతావాళ్లతో గుసగుసగా. "సులువుగా దొరికిన రహస్యం ఎర అని మాస్టారు చెప్పలేదూ? అది కొడితే మన పేర్లు పట్టుబడతాయి. ఊరిపెద్దతోనే మైకులో చెప్పించిందంటే ఎంత ఘటికురాలో చూడండి."

"పాపం, ఏడుస్తున్నట్టుందిరా," అందొక పిల్ల.

"అది కూడా ఎరే."

పకోన్ తన మూడు ప్రయత్నాలూ మేఖలా పుట్టినరోజు మీద, ఆమె ఇంటి నంబరు మీద, బువాఫాన్ దుకాణం ఫోను నంబరు మీద ఖర్చుపెట్టాడు. మిగతావాళ్లు ఇంకా లోతుగా ఆలోచించి ఇంకా దూరం పోయారు. మూడయ్యేసరికి పది తాళాలు తెరుచుకున్నాయి. ఒక్కటి మిగిలింది.

"రా అమ్మా, నువ్వే తెరిచి చూపించు," అన్నారు మాస్టారు.

మేఖలా వెళ్లి ఊరంతటికీ తెలిసిన ఆ ఆరంకెలూ కొట్టింది. ఫోల్డర్ తెరుచుకుంది. పకోన్ నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"ఇంత ఎత్తు ఎలా వేశావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎత్తు కాదు మాస్టారూ. నిద్రపట్టింది."

మాస్టారు నియమాల కాగితం తీసి చదివారు. నియమాల్లో ఎక్కడా నిద్రపోకూడదని లేదు. సంతకం పెట్టడానికి జేబులోంచి కలం తీస్తుంటే ఒక లాటరీ టిక్కెట్టు జారి బల్ల మీద పడింది. దాని మీద నంబరు అందరూ చదివారు. సరిగ్గా అప్పుడే మైకులో ఫలితం వచ్చింది. చివరి రెండంకెలు ఒకటి, ఏడు.

ఊరు ఊరంతా ఉసూరుమంది. మేఖలా కోర్సు కాగితం పట్టుకుని ఇంటికి వచ్చేసరికి బువాఫాన్ గుమ్మంలోనే నిలబడి ఉంది. మనవరాలిని దగ్గరకు తీసుకుని, కళ్లు తుడుచుకుని, తరువాత అడిగింది.

"ఆ నాగం ఎటు ఈదింది?"

"ప్రవాహానికి ఎదురు."

"మరి ఆ ముక్క చెప్పవేమే? చివరి రెండూ తిరగేసి కొనుక్కునేవాళ్లం కదా."

సాయంత్రానికి ఊరంతా ఒప్పుకుంది. నంబరు సరైనదే, చదివిన వైపే తప్పు. మేఖలా కాలేజీకి బయలుదేరిన రోజు పడవరేవు నిండిపోయింది. తోంగ్సాయ్ మెత్తటి దిండొకటి తెచ్చి ఇచ్చింది.

మామూలు రోజుల్లో బువాఫాన్ ఫోన్ చేసి మనవరాలిని తిన్నావా అని అడుగుతుంది, లాటరీ ముందురోజు మాత్రం పడుకున్నావా అని అడుగుతుంది.