నాగాయలంక స్పానిష్

ఆ శనివారానికి జయకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే చెరువుకు వెళ్లి మేత వేయించాలి. చెక్ ట్రే పైకెత్తి రొయ్యల పొట్టలు నిండాయో లేదో చూసుకోవాలి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు కాలిపోయింది, దాన్ని గోనెసంచిలో చుట్టి బందరు బస్సెక్కి, రీవైండింగ్ షాపులో పడేసి, మధ్యాహ్నం భోజనానికి నాగాయలంక వచ్చేయాలి. భార్య ప్రభావతి గుత్తివంకాయ వండుతానంది. ఆ పథకంలో స్పెయిన్ దేశం ఎక్కడా లేదు.

బస్సు కదలబోతుండగా దుర్గాశ్రీనివాస్ ఎక్కాడు. జయకృష్ణ చెరువుకీ అతని చెరువుకీ మధ్య ఒకటే గట్టు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. గట్టు అవతల ఏం జరుగుతోందో చూసుకోనిదే ఇద్దరిలో ఎవరికీ ముద్ద దిగదు. దుర్గాశ్రీనివాస్ సున్నం చల్లితే సాయంత్రానికల్లా జయకృష్ణ చెరువులోనూ సున్నం పడుతుంది. జయకృష్ణ మేత కంపెనీ మారిస్తే వారం తిరక్కుండా అవతలివాడూ మార్చేస్తాడు. ఎందుకు మార్చావని అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు. అడిగితే నిజం చెప్పడం అంతకన్నా మర్యాద కాదు.

అటువంటి దుర్గాశ్రీనివాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని బస్సెక్కాడు. రొయ్యల రైతు కాళ్లకు బూట్లు చూసి జయకృష్ణ పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఎక్కడికి బావా, పెళ్లికొడుకులా తయారయ్యావు?"

"బందరు. కళ్లు చూపించుకుందామని."

"మొన్న గట్టు మీద నిలబడే నా ట్రేలో రొయ్యల మీసాలు లెక్కపెట్టావుగా. నీ కళ్లకేమైంది?"

"దూరం బాగానే ఆనుతోంది బావా. దగ్గరే ఆనట్లేదు," అని దుర్గాశ్రీనివాస్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మోపిదేవి, చల్లపల్లి దాటాయి.

బందరులో బస్సు దిగినవాడు కంటి ఆసుపత్రి వైపు కాకుండా దానికి సరిగ్గా ఎదురు దారి పట్టాడు. జయకృష్ణ మోటారును భుజాన వేసుకుని వెనకాలే నడిచాడు. ఎండ మండిపోతోంది, మోటారు చంపేస్తోంది, అయినా అనుమానం అతన్ని ముందుకు లాక్కుపోయింది. దుర్గాశ్రీనివాస్ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ గేటు దాటి, మేడెక్కి, ఒక గదిలోకి వెళ్లాడు. జయకృష్ణ కిటికీలోంచి తొంగి చూశాడు. కాలేజీ పిల్లల మధ్య రెండో బెంచీలో కూర్చుని దుర్గాశ్రీనివాస్ అందరితో కలిసి "ఓలా" అంటున్నాడు. బోర్డు మీద స్పానిష్ క్లాసని, ఓలా అంటే నమస్కారమని రాసి ఉంది.

రొయ్యల రైతుకు స్పానిష్ ఎందుకు? మన రొయ్యలు ఓడలెక్కి ఆ దేశాలకు వెళ్తాయని జయకృష్ణ వినే ఉన్నాడు. రెండూ కలిపి చూసుకునేసరికి అంతా అద్దంలో కనపడినట్లు కనపడింది. వీడికి ఎవడో స్పెయిన్ బేరగాడు దొరికాడు! ఊళ్లో రొయ్యలు కొనే ఏజెంటు డేవిడ్ రాజును పక్కకు నెట్టి, నేరుగా ఓడకే ఎక్కించేస్తాడన్నమాట. పైగా కళ్లు ఆనట్లేదంటాడా!

పోయిన పంటను తెల్లమచ్చ రోగం తుడిచిపెట్టేసింది. ఈ పంట చేతికొస్తే రేకుల ఇంటి మీద స్లాబు వేయిస్తానని ప్రభావతికి మాటిచ్చాడు. ఈ ఏడూ దక్కకపోతే ఆమె మొహం ఎలా చూడాలా అని రోజూ భయపడుతూనే ఉన్నాడు. అలాంటి సమయంలో పక్క చెరువువాడు స్పెయిన్‌కు దారి చూసుకుంటుంటే ఊరుకుంటాడా? మోటారును గుమ్మం పక్కన దించి లోపలికి నడిచాడు.

పాఠం చెప్తున్న అమ్మాయి పేరు జ్యోతిర్మయి. పామిడిముక్కల పిల్ల. చేరినవాళ్లు చాలక కోర్సు ఎత్తేస్తారేమోనని బెంగ పెట్టుకుని ఉంది. అందువల్ల గుమ్మంలో కొత్త మనిషి కనపడగానే మొహం చేటంతయింది.

"రండి రండి! వయసుతో సంబంధం లేదండీ. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?"

"ఏదో... జ్ఞానం కోసమండీ," అన్నాడు జయకృష్ణ.

దుర్గాశ్రీనివాస్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం కన్నా ‘దొరికావులే’ అన్నట్లు ఏదో ఉంది. జయకృష్ణకు అది అర్థం కాలేదు, అర్థం కానందుకు అనుమానం ఇంకాస్త పెరిగింది.

బాగుపడని మోటారుతో ఇంటికి వెళ్లేసరికి వంకాయ చల్లారిపోయి ఉంది. ఆ రోజుకు షాపు మూసేశారని చెప్పి తప్పించుకున్నాడు. ఆ తర్వాత వరసగా ప్రతి శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బందరు వెళ్లడం, చెరువు గట్టు మీద ఒంటరిగా తిరుగుతూ "మే యామో జయకృష్ణ" అని, అంటే నా పేరు జయకృష్ణ అని, గొణుక్కోవడం చూసి ప్రభావతి నడుం బిగించింది.

"ఎవరావిడ?"

"ఏ ఆవిడ?"

"పంతులమ్మ. అత్తరు కూడా రాసుకుంటున్నారుగా. మా చెల్లాయి బందరు బస్టాండులో చూసి వెనకాలే వచ్చిందట, మీరు కాలేజీలో ఒకమ్మాయి క్లాసుకు వెళ్తున్నారని చెప్పింది."

ఇక దాచి లాభం లేదు. జయకృష్ణ తలుపు దగ్గరగా వేసి, స్పెయిన్ బేరగాడి సంగతంతా చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ప్రభావతి ఆ ఒట్టును ప్రాణంలా నిలబెట్టుకుంది. తోడికోడలు మంగతాయారుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మంగతాయారు కూడా తన భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన మటుకు ఊరంతా చేరే మేత దుకాణం దగ్గర కూర్చునే మనిషి.

మరుసటి శనివారం బందరు బస్సులో ఇస్త్రీ చొక్కాలు బాగా కనిపించాయి. ఒకాయన పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నానన్నాడు. ఇంకొకాయన ఆధార్ కార్డులో పేరు సరిచేయించుకోవాలన్నాడు. మరొకాయన ఎవరూ అడక్కముందే, తాను కలంకారీ దుప్పట్ల కోసం పెడన వెళ్తున్నానని చెప్పాడు. చివరికి అందరూ ఒకే మేడ మెట్లెక్కారు. ఒకరినొకరు చూసుకుని, ఎవరూ ఏమీ అడగలేదు. మర్యాద తెలిసిన మనుషులు.

నెల తిరిగేసరికి గది చాలక పక్క గదిలోంచి బెంచీలు తెచ్చారు. జ్యోతిర్మయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దివిసీమలో విదేశీ భాష మీద ఇంత ప్రేమ ఉందని తనకు తెలియదని ప్రిన్సిపాలుగారికి చెప్పి మురిసిపోయింది. ఒక రోజు తిండి పదార్థాల పాఠం పెట్టింది.

"అన్నం అంటే అర్రోస్. రాసుకోండి. రొట్టె, పాన్. చేప, పెస్కాదో. రొయ్య, గాంబా."

అర్రోస్ రాసుకున్నారు, పాన్ రాసుకున్నారు, పెస్కాదో కింద గీత కూడా గీసుకున్నారు. గాంబా దగ్గరికి వచ్చేసరికి గదిలో పెన్నులన్నీ ఆగిపోయాయి. ఎవడు రాసుకుంటాడో చూద్దామని ప్రతివాడూ పక్కవాడి కాగితం వైపే చూస్తున్నాడు. రాసుకున్నవాడు దొరికిపోయినట్లే.

"రొయ్య ఎవరికీ అక్కర్లేదాండీ?" అంది జ్యోతిర్మయి తెల్లబోయి.

"అబ్బే, మా ఇంట్లో తినమండీ," అన్నాడు పది ఎకరాల రొయ్యల చెరువున్న మనిషి.

ఆ వెంటనే అంకెలు వచ్చాయి. ఒక్కొక్కరినీ లేపి, నచ్చిన అంకె ఒకటి స్పానిష్‌లో చెప్పమంది. దుర్గాశ్రీనివాస్ లేచి గొంతు సవరించుకుని "త్రెయింతా" అన్నాడు. ముప్ఫై. గది గదంతా చెవులు రిక్కించింది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. అందరి చెరువుల్లోనూ అప్పటికి నలభై కౌంటు నడుస్తోంది. మామూలుగా అయితే పట్టేసే సమయమే. కానీ ఈ మనిషి ముప్ఫై అన్నాడు! అంటే స్పెయిన్ బేరగాడు ముప్ఫై కౌంటు అడిగాడన్నమాట. పెద్ద రొయ్యే కావాలన్నాడన్నమాట. జయకృష్ణ తన వంతు రాగానే ఏమీ ఎరగనట్లు "సింకో" అని, అంటే అయిదని చెప్పి కూర్చున్నాడు గానీ, ఆ క్షణమే ఇప్పట్లో చెరువు పట్టకూడదని నిర్ణయించేసుకున్నాడు.

మర్నాడు డేవిడ్ రాజు గట్టు మీదకొచ్చి మొత్తుకున్నాడు.

"ఈ వారం పట్టేయండి జయకృష్ణగారూ. రేటు బాగుంది. ముసురు పట్టేలా ఉంది, నా మాట వినండి."

"దుర్గాశ్రీనివాస్ పడుతున్నాడా?"

"ఆయన మీరు పడితే పడతానంటున్నారండీ!"

ఆ మాటతో జయకృష్ణకు ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. తనచేత ముందు పట్టించేసి, ఆనక వాడొక్కడే ఓడ ఎక్కిద్దామని చూస్తున్నాడు! "నేను ఆగుతానండీ," అన్నాడు స్థిరంగా. డేవిడ్ రాజు ఊరంతా తిరిగాడు. ఊరంతా అదే మాట. ఎవరూ పట్టరు. అందరూ పక్క చెరువు వైపు చూస్తూ మేత మాత్రం దండిగా వేయిస్తున్నారు.

ముసురు పట్టనే పట్టింది. సూర్యుడు మొహం చాటేశాడు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. ఒక తెల్లవారుజామున జయకృష్ణ గట్టు మీదకు వెళ్లి చూస్తే, రొయ్యలన్నీ గాలి కోసం ఒడ్డుకొచ్చి తేలి ఉన్నాయి. ప్రభావతి, స్లాబు, పోయిన ఏడు పూడ్చిపెట్టిన రొయ్యల గుట్ట, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఏరేటర్లన్నీ ఆడించి, గొంతు పోయేలా వలవాళ్లకు ఫోన్లు చేశాడు. అదే నిమిషంలో ఊరంతా అదే పని చేస్తోంది. వలలు చాలలేదు, ఐసు చాలలేదు, బండ్లు చాలలేదు. అందరి రొయ్యా ఒకే పూట గట్టెక్కేసరికి రేటు మాత్రం నీళ్లలోకి దిగిపోయింది. డేవిడ్ రాజు తూకం వేయించుకుంటూ పోయాడు.

పంట ప్రాణాలతో బయటపడింది గానీ, స్లాబు వేసేంత మిగల్లేదు. తడిసిన బట్టలతోనే జయకృష్ణ గట్టు దాటి అవతలికి వెళ్లాడు. దుర్గాశ్రీనివాస్ ఖాళీ ఐసు పెట్టె మీద కూలబడి ఉన్నాడు.

"ఏడీ నీ స్పెయినాయన? రమ్మను! ఎక్కించు ఓడ!"

"నా స్పెయినాయనేంటి?" దుర్గాశ్రీనివాస్ లేచి నిలబడ్డాడు. "నీ స్పెయినాయన ఏడని నేనడగాలి బావా! నీ వెనకాలేగా నేను ఆ క్లాసులో చేరింది!"

"నా వెనకాలా? నువ్వు నాకన్నా ముందు చేరావు!"

"ఎండలు మొదలైనప్పుడు నువ్వు ఆ కాలేజీ గేట్లోకి వెళ్లలేదూ? ఎదురు హోటల్లో టీ తాగుతూ నేను చూడలేదూ? గంటసేపు బయటికి రాలేదు. ఆ గేటు దగ్గరాయన్ని ఈయన ఎందుకొచ్చాడండీ అనడిగితే, పెద్దవాళ్లొచ్చేది స్పానిష్ క్లాసుకేనన్నాడు. నేను చేరిన రోజు నువ్వు లేవు. సరే, బేరం కుదిరి మానేశావేమో అనుకున్నా. పై వారం నువ్వు మోటారు మోసుకుని దిగబడితే నాకు మతి పోయింది!"

జయకృష్ణకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు దాహం తాళలేక, వరండాలో మంచినీళ్ల కూలరు కనపడితే గేటు దాటాడు. చల్లటి నీళ్లు తాగి, ఫ్యాను కింద బెంచీ మీద ఒక్క క్షణం కూర్చుందామనుకుని నిద్రపోయాడు. ఎదుటివాడి రాకపోకలన్నీ గుర్తుపెట్టుకున్న మనిషికి తన రాక మటుకు అప్పటిదాకా గుర్తే లేదు.

"మరి ముప్ఫై?" అన్నాడు నీరసంగా.

"ఏ ముప్ఫై?"

"త్రెయింతా అన్నావుగా క్లాసులో!"

"నాకు నోరు తిరిగింది ఆ ఒక్కటే బావా."

ఇద్దరూ ఐసు పెట్టె మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఇకమీదట ఆ క్లాసు ముఖం చూడకూడదని, ఏ సంగతైనా ఒకరినొకరు నేరుగా అడిగి తెలుసుకోవాలని చేతిలో చెయ్యేసుకున్నారు. ఆ సాయంత్రానికి ఊరందరికీ సంగతి తెలిసింది. అందరూ తల బాదుకుని, స్పానిష్‌కు ఓ నమస్కారం అన్నారు.

శనివారం వచ్చింది. జయకృష్ణ టిఫిన్ చేసి, పేపరు చదివి, గట్టు మీదకు వెళ్లాడు. అవతల దుర్గాశ్రీనివాస్ లేడు. ఇంటికి ఫోన్ చేస్తే బూట్లేసుకుని వెళ్లారని వాళ్లావిడ చెప్పింది. జయకృష్ణ తర్వాతి బస్సుకు పరిగెత్తాడు.

గది కిటకిటలాడుతోంది. నాగాయలంక నాగాయలంకంతా అక్కడే ఉంది. దుర్గాశ్రీనివాస్ ఈసారి మొదటి బెంచీలో కూర్చున్నాడు.

"మానేద్దామని చెయ్యేశావుగా బావా?" అన్నాడు జయకృష్ణ పళ్లు నూరుతూ.

"నువ్వు మానేశావో లేదో చూసి పోదామనే వచ్చా. నువ్వు?"

జయకృష్ణ పక్కనే చోటు చేసుకుని కూర్చున్నాడు. పంట నష్టం సంగతి తెలిసి ఎవరూ రారని దిగులుపడ్డ జ్యోతిర్మయికి కళ్లు చెమర్చాయి.

ఎవరు ముందు మానేస్తారో తేలేదాకా ఎవరూ మానకపోవడంతో, ఆ ఏడాది డిప్లొమా కోర్సుకు కూడా సీట్లు నిండిపోయాయి.