టీచరమ్మ మోకాలి మీద బేరింగు

ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓవెన్‌లో ఉన్నదాన్ని బయటికి తియ్యాలి, ఫ్రీజర్‌లో ఉన్నదాన్ని దాంట్లో కూర్చోబెట్టాలి, భార్య నిద్ర లేచేలోపు వంటగది తుడిచేసి పేపరు చదువుతూ కూర్చోవాలి. ఇందులో తప్పు జరగడానికి ఏముంది అనుకున్నాడు పాపం.

ఓవెన్‌లో ఉన్నది మామగారి పాత మోటారు సైకిలు ఇంజను కేసులో, అంటే దాని పై డొప్పలో, సగభాగం. ఫ్రీజర్‌లో ఉన్నది కొత్త బేరింగు. వేడికి లోహం సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. కాబట్టి కాగిన కేసులోకి చల్లబడ్డ బేరింగు సుత్తి దెబ్బ అక్కర్లేకుండా జారి కూర్చుంటుందని ఫోనులో ఎవరో గడ్డపాయన చూపించాడు. మొదటి సగం శుక్రవారం భార్య ఆఫీసుకు వెళ్లాక పూర్తయింది. ఇది రెండోది.

ఆ బండి అల్లుడి కంటే వయసులో పెద్దది. ఇంట్లో దానికి దక్కే మర్యాద కూడా అల్లుడికి దక్కేదానికంటే ఎక్కువే. ఇంకెవరైనా గుడ్డ పట్టుకుని దాని దగ్గరికి వెళితే మామగారు గట్టిగా దగ్గుతారు. అలాంటి మనిషి పక్క ఊళ్లో స్నేహితుడింటికి వెళుతూ, బండిని అల్లుడి అపార్టుమెంటు కింద పెట్టి తాళం చెవి ఇచ్చారు. "రోజూ ఓసారి స్టార్టు చేస్తే చాలు. నడపకు సుమా!" అని మరీ చెప్పారు. మర్నాడే అల్లుడు దాని మీద ఆఫీసుకు వెళ్లాడు. తిరిగొస్తుంటే ఇంజను అడుగు నుంచి గడగడమని రొద. విప్పి చూస్తే బేరింగులు అరిగిపోయి, వేలితో కదిపితే ఊగుతున్నాయి. ఒక్క పూట తోలితేనే బండి ప్రాణం తీశాననుకున్నాడు. మామగారు సోమవారం సాయంత్రం వస్తారు. ఈలోపు బండి ఎప్పటిలా లేచి నిలబడాలి, లేకపోతే తాను ఎటైనా పారిపోవాలి. కింద కవరు కప్పుకుని నిలబడ్డ బండిలో ఇంజనే లేదని భార్యకు కూడా తెలియదు.

ఆమె మాత్రం ఆ రోజు అనుకున్నదానికంటే ముందే లేచింది. వంటగది తలుపు దగ్గరికి వేసి ఉంది. సందులోంచి చూస్తే మొగుడు రెండు చేతులకూ మందపాటి తొడుగులు వేసుకుని ఓవెన్ ముందు కాపలా కాస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"లోపలికి రాకు! ఏం లేదు. రేపు నువ్వే చూస్తావుగా."

రేపు ఆమె పుట్టినరోజు. ఆ సంగతి అతనికి గుర్తే లేదు. ఆమె మాత్రం వెన్నలా కరిగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో కాఫీ కూడా కలపని మనిషి కేకు చేస్తున్నాడంటే మాటలా! వెంటనే తండ్రికి ఫోను చేసింది. "నాన్నా, రేపటిదాకా ఆగకు, ఇప్పుడే బయల్దేరు. మీ అల్లుడు నువ్వు కళ్లారా చూడాల్సిన పని ఒకటి చేస్తున్నాడు."

ఫోను పెట్టేసరికి ఎదురింటి రిటైరైన టీచరమ్మ గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. బాత్రూంలో కాలు జారి మోకాలు బెణికిందట. "అమ్మాయ్, కాస్త ఐసు ఉంటే ఇస్తావూ?" అంది. ఫ్రిజ్ హాల్లోనే ఉంది. ఫ్రీజర్ తీస్తే గుడ్డలో చుట్టిన గుండ్రటి మూట, ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. 'ఐసు ప్యాకు కూడా కట్టి ఉంచారు, ఎంత ముందుచూపో!' అని మురిసిపోయి, టీచరమ్మను ఇంట్లో దిగబెట్టి, మూట మోకాలికి కట్టి వచ్చింది.

గంట తర్వాత కేసు కాగింది. దాని మూలల్లో మిగిలిన పాత ఆయిలు కూడా కాగి, కిటికీలోంచి నల్లటి పొగ పోతోంది. అల్లుడు కేసు పట్టుకుని పరుగున హాల్లోకి వచ్చి, మోచేత్తో ఫ్రీజర్ తీశాడు. ఖాళీ.

"ఇందులో మూట ఏదే?"

"టీచరమ్మ గారికి మోకాలు నొప్పంటే ఇచ్చానండీ. అవునూ, ఆ చేతిలోది కేకేనా?"

కేసు చల్లారితే మళ్లీ గంట కాల్చాలి, ఈ పొగకి ఇంకో గంట ఎవరు ఒప్పుకుంటారు? ఎదురింట్లోకి దూసుకెళ్లి సోఫా ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"టీచరుగారూ, ఆ మూట విప్పండి! త్వరగా!"

"ఎందుకు బాబూ? హాయిగా ఉంది. అయినా ఆ పొగలు కక్కేదేమిటి?"

"ఇంజనండీ! మీ మోకాలి మీదున్నది దాని బేరింగండీ!"

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నా కాలికి ఇంజను బిగిస్తావా?" అని ఆవిడ కాళ్లు సోఫా మీదికి లాక్కుంది.

వెనకాలే వచ్చిన భార్య ముడి విప్పుతుంటే మెట్ల మీద కేకలు వినిపించాయి. కిటికీలో పొగ చూసి ఎవరో ఇల్లు తగలబడుతోందన్నారు. వాచ్‌మన్ నిండు బకెట్టుతో ఊడిపడి, ఎర్రగా ఉన్న అల్లుడి మొహాన్నీ పొగలొస్తున్న చేతుల్నీ చూసి బకెట్టు ఎత్తాడు. కాగిన కేసు మీద చన్నీళ్లు పడ్డాయా, నిలువునా పగులుతుంది.

"దీని మీద వద్దు! నా మీద పొయ్యవయ్యా!" అంటూ అల్లుడు దానికి వీపు అడ్డం పెట్టాడు. వాచ్‌మన్ చెప్పినట్టే చేశాడు.

నీళ్లు కారుతూనే అతను భార్య అందించిన బేరింగును కేసులోకి వదిలాడు. టక్కుమని కూర్చుంది. అమ్మయ్య అనుకుని తలెత్తేసరికి గుమ్మంలో సంచీతో మామగారు నిలబడి ఉన్నారు.

మామగారు సంచీ దించి, వంగి, కళ్లజోడు సర్దుకుని కేసులోకి తొంగి చూశారు.

"సుత్తితో కొట్టావా?"

"లేదు మామయ్యగారూ. క్షమించండి, మీరు నడపొద్దన్నా..."

"సుత్తి లేకుండానే కూర్చుందీ?" ఆయన అల్లుణ్ని వరండాలోకి లాక్కెళ్లి చెవిలో చెప్పారు. "ఆ రొద ఏడాదిగా ఉందయ్యా. విప్పాలంటే నాకు ధైర్యం చాల్లేదు. బాగుచేయించాలని నోరు తెరిస్తే మీ అత్తయ్య బండి అమ్మేయమంటుంది. నీ చేతికి స్క్రూడ్రైవరు దొరికితే ఊరుకోవని అమ్మాయి చెప్పింది."

"మరి నడపొద్దన్నారుగా?"

"వద్దంటేనే కదయ్యా నువ్వు నడిపేది!"

తడిబట్టలతో అల్లుడు గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. వారం నుంచి గుండెల మీద ఉన్న బరువంతా ఆ నవ్వుతోనే దిగిపోయింది. బండిని తాను చంపలేదు, బతికించాడు! లోపల్నుంచి భార్య "ఇంతకీ నా కేకేదండీ?" అని నిలదీసింది. మామా అల్లుళ్లు మొహామొహాలు చూసుకుని, "రేపు" అన్నారు ఒకే గొంతుతో.

సోమవారం సాయంత్రానికి ఇంజను బిగిసింది. కిక్కు కొడితే గడగడలు లేవు, మెత్తటి చప్పుడు. మామగారు అల్లుడి భుజం తట్టారు. అదే సాయంత్రం కేకు కూడా వచ్చింది, దుకాణం నుంచి.

పై వారం మామగారు మళ్లీ ప్రయాణమయ్యారు. వెళుతూ వెళుతూ తమ ఇంట్లో కారుతున్న నీళ్ల మోటారును అల్లుడింట్లో దించి, దాని జోలికి మాత్రం వెళ్లొద్దని గట్టిగా చెప్పారు.