సింగపూరు ఎర్రరాణి

ఆ ఆదివారం ప్రేమదాసు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే గాజు తొట్టిలో నీళ్ళు మార్చాలి, చేపలకు మేత వేయాలి, భార్య బేబితో కలిసి గుడికి వెళ్ళి, ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, కోడికూరతో అన్నం తిని ఒక కునుకు తీయాలి. మొదటి పని దగ్గరే బండి ఆగిపోయింది. తొట్టిలో ఉన్న రెండు బంగారు చేపల్లో ఒకటి మూలకు చేరి, అద్దానికి మొహం ఆనించి, కదలకుండా ఉండిపోయింది.

"బేబీ! ఇట్టా రా! చేప కదలట్లేదు!"

"నిద్రపోతుందేమోనండీ."

"ఇంత పొద్దెక్కాక నిద్రేంటే?"

"ఆదివారం కదండీ."

బేబికి భయమంటే ఏమిటో తెలియదు. ఆ ఇంట్లో భయమంతా ప్రేమదాసు ఒక్కడే పడేవాడు.

ఎందుకంటే ఆ చేపలు అతనివి కావు. నందిగామ పంచాయతీ సమితి బి.డి.ఓ. సోమయాజులుగారివి. సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. ప్రేమదాసు ఆ ఆఫీసులో గుమాస్తాగా చేరాడే గానీ ఇంకా పర్మనెంటు కాలేదు. శివరాత్రి వెళ్ళగానే ఆఫీసరుగారు ట్రైనింగుకు హైదరాబాదు వెళుతూ భార్యాపిల్లల్ని అత్తవారింటికీ, చేపల్ని ప్రేమదాసు ఇంటికీ పంపించారు. "ఏవోయ్ ప్రేమదాసూ, చేపలు జాగ్రత్త. నీ పర్మనెంటు సంగతి వచ్చాక చూస్తాను" అన్నారు. ఆయన ఆ రెండు మాటలూ వేరువేరుగానే అని ఉండవచ్చు. ప్రేమదాసు చెవిలో మాత్రం అవి ఒకే మాటగా పడ్డాయి. ఉద్యోగం తీసుకుపోయి చేప తోకకు కట్టినట్టు అనిపించి, ఆనాటి నుంచి అతనికి అన్నం సయించడం మానేసింది.

"ఏ మాత్రం తేడా వచ్చినా జగ్గయ్యపేట బుల్లిబాబు దగ్గరికి వెళ్ళు. ఇంకొకణ్ణి ముట్టుకోనివ్వకు. అతను స్పెషలిస్టు" అని కూడా చెప్పారు ఆఫీసరుగారు.

బుల్లిబాబు ఒక పెద్ద రైతు కొడుకు. చదువుకోమని మద్రాసు పంపిస్తే చదువు అబ్బలేదు గానీ రంగు చేపల పిచ్చి అబ్బింది. తండ్రి వడ్లగది ఖాళీ చేయించి ఇస్తే అందులో గాజు తొట్లు పెట్టి, పేము కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ చుట్టుపట్ల రంగు చేపలు అమ్మేవాడు మరొకడు లేడు కాబట్టి స్పెషలిస్టు కావడానికి అతనికి అట్టే కష్టపడాల్సిన అవసరం రాలేదు. ఆఫీసర్లందరికీ అతని మీద గురి. అతను వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడతాడు, వాళ్ళకు చేపల గురించి తెలియదు.

ప్రేమదాసు గుడి మానుకుని, చేపను చెంబులో వేసి, పైన తడిగుడ్డ కట్టి బస్సెక్కాడు. పక్కసీటు ఆసామి చెంబులోకి తొంగి చూశాడు.

"ఒక్కటేనా? ఇంటిల్లిపాదికీ ఏం సరిపోద్దయ్యా?"

"ఇది తినేది కాదండీ. బి.డి.ఓ. గారిది."

"ఆఫీసర్లు తినేవి మనకెందుకులే" అని అతను అటు తిరిగి కూర్చున్నాడు.

కొట్లో బుల్లిబాబు కుర్చీలోంచి లేవలేదు. చెంబులోకి చూడనూ లేదు.

"లోన్లీనెస్" అన్నాడు. "తోడు లేక దిగులు పెట్టుకుంది."

"రెండున్నాయి కదండీ బాబుగారూ."

"రోజంతా మొగుడూ పెళ్ళామే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటా కూర్చుంటే దిగులు రాదటయ్యా?"

ప్రేమదాసుకు ఆ మాట సబబుగానే తోచింది. బుల్లిబాబు ఒక సీసా అతని చేతికిచ్చాడు. అందులో అగ్గిపుల్లంత చేపపిల్లలు, ఎర్రగా కుంకుమ పూసినట్టు, గుంపుగా తిరుగుతున్నాయి. "సింగపూరు ఎర్రరాణి. మద్రాసులో కూడా అందరి దగ్గరా ఉండదు. బి.డి.ఓ. గారని ఇస్తున్నా" అన్నాడు.

పదిమందిలో పడ్డాక బంగారు చేప నిజంగానే కోలుకుంది. ప్రేమదాసు ప్రభువుకూ బుల్లిబాబుకూ సమానంగా స్తోత్రం చెప్పుకున్నాడు. ఆ సంతోషం ఉగాది దాకా కూడా నిలవలేదు. ఎర్రరాణులు ఒకటొకటిగా తగ్గి చివరికి ఒకటి మిగిలింది. ఆ మిగిలిందేమో బాగా ఒళ్ళు చేసింది. ఒక పొద్దున చూస్తే బంగారు చేపల్లో ఒకటి లేదు. నీళ్ళలో లేదు, నేల మీద లేదు, మంచం కింద లేదు. ప్రేమదాసు మోకాళ్ళ మీద పాకుతూ గది గదీ వెతికాడు.

"పిల్లి, బేబీ! పిల్లి ఎత్తుకుపోయింది!"

"పిల్లయితే ఒక్కటే తిని మూతి తుడుచుకుని పోద్దా?"

తొట్టి మీద పీట పెట్టాడు. పీట మీద తిరగలి రాయి పెట్టాడు. మర్నాటికి రెండో బంగారు చేప కూడా లేదు. రాయి పెట్టింది పెట్టినట్టే ఉంది. ప్రేమదాసుకు ఉద్యోగం పోయినట్టు, పెట్టె నెత్తిన పెట్టుకుని బేబితో సహా నందిగామ వదిలి పోతున్నట్టు కళ్ళకు కట్టింది. మళ్ళీ జగ్గయ్యపేట బస్సెక్కాడు.

"మా సరుకులో తేడా ఉండదు" అన్నాడు బుల్లిబాబు, గోళ్ళు చూసుకుంటూ. "మీ ఇంట్లో చేపలు తినేవాళ్ళు ఉన్నారా?"

"అందరం తింటామండీ."

"మరింక నన్నడుగుతావేం?"

"బాబుగారూ, తమరొక్కసారి వచ్చి తొట్టి చూస్తే..."

"నేనొచ్చి చూడాల్సిన కేసు కాదిది" అని వేరే బంగారు చేపల జత ఇచ్చి పంపించాడు. ఆ జతా మాయమైంది. ఇంకో జత తెచ్చాడు, అదీ మాయమైంది. ప్రేమదాసు ప్రతిసారీ రమ్మని బతిమాలేవాడు, బుల్లిబాబు ప్రతిసారీ ఇంటిదొంగను చూసుకోమనేవాడు.

ఇంటిదొంగ అనగానే ప్రేమదాసు మనసు అత్తగారి మీదికి పోయింది. చెవిటికల్లు నుంచి కూతుర్ని చూడటానికి వచ్చిన పున్నమ్మ కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. చేప లేనిదే ముద్ద దిగదు. భయం మనిషి చేత ఎంత మాటైనా అనిపిస్తుంది.

"అత్తా, ఏమనుకోకు. తొట్టిలోవి... నువ్వేమన్నా రుచి చూశావా?"

పున్నమ్మ చేతిలో చేట దభీమని కిందపడింది. "ప్రభువా! వేలెడంత చేపల కోసం అల్లుడి ఇంట్లో దొంగతనం చేశానా? చేపలకు మొహం వాచి వచ్చానా నేను?" అని అప్పటికప్పుడు మూట కట్టుకుని చెవిటికల్లు వెళ్ళిపోయింది. బేబి మొగుడితో మాటలు మానేసింది. ఇక ఇంట్లో ప్రేమదాసుకు తోడు ఆ ఎర్రరాణి ఒక్కటే.

అది కూడా ఇప్పుడు ఎర్రగా లేదు. నల్లగా నిగనిగలాడుతూ, పాము తల వేసుకుని, జానెడు పొడుగయింది. ఒక సాయంత్రం దాని మొహంలోకి నిదానంగా చూసిన ప్రేమదాసుకు ఒళ్ళు జలదరించింది. ఆ మొహం అతను చిన్నప్పటి నుంచీ ఎరుగును. పులుసులో ఎన్నోసార్లు చూశాడు.

"బాబుగారూ, అది కొరమీనండీ! తోటి చేపలన్నిటినీ అదే మింగేసింది!"

బుల్లిబాబు మొదటిసారి కుర్చీలోంచి లేచాడు, కోపంతో. "నువ్వు స్పెషలిస్టువా, నేను స్పెషలిస్టునా? వయసొస్తే సింగపూరు రాణి రంగు దించుద్ది. కొరమీను గిరమీను అని బయట కూశావంటే బి.డి.ఓ. గారితో చెప్తా, చేపలన్నీ మీరే కూరొండుకున్నారని."

ప్రేమదాసు వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయాడు. ఆఫీసరుగారు పుట్టు శాకాహారి. బంగారు చేపలు కూరయ్యాయని వింటే ఆయన ఉద్యోగం ఒక్కటి తీసి ఊరుకుంటారా? ఆ రోజు నుంచి అతను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఆ ట్రైనింగు ఎప్పటికీ పూర్తి కాకూడదని.

దేవుడు ఆలకించలేదు. మృగశిర కార్తె ప్రవేశించే రోజున వస్తున్నానని ఆఫీసరుగారు కబురు పంపారు.

ఆ పొద్దున బేబి ఆఫీసరుగారి క్వార్టర్సు ఊడ్చి కడగడానికి వెళ్ళింది. ప్రేమదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండుకు వెళ్ళాడు. హైదరాబాదు బస్సు వచ్చింది. అందులో ఆఫీసరుగారు లేరు.

"టోపీ పెట్టుకున్నాయనేగా? చిల్లకల్లులో దిగారు. సమితి జీపొచ్చి కాసుకునుంది. జగ్గయ్యపేటలో చేపల కొట్టుకెళ్ళాలన్నారు" అన్నాడు కండక్టరు.

ప్రేమదాసుకు అర్థమైపోయింది. చేపల్ని కూరొండుకున్నారని బుల్లిబాబు ముందే చెప్పేస్తాడు! ఇక కాళ్ళు పట్టుకుని నిజం ఒప్పుకోవడం తప్ప మార్గం లేదనుకుని, ఆ కొరమీనునైనా సాక్ష్యంగా చూపిద్దామని ఇంటికి పరుగెత్తాడు. వీధి మలుపులోనే పులుసు వాసన గుప్పుమంది.

పొయ్యి ముందు పున్నమ్మ కూర్చుని ఉంది. తొట్టిలో నీళ్ళు మాత్రమే ఉన్నాయి.

"వచ్చావా నాయనా" అంది ప్రేమగా. "కార్తె పూట అల్లుడితో కోపమేంటని నేనే పొద్దున బస్సుకొచ్చా. వచ్చి చూస్తే కొరమీను బతికుండగానే తెచ్చి నీళ్ళల్లో ఉంచావు. నా కోసమేగా? చూడంగానే కళ్ళెమ్మట నీళ్ళొచ్చినయ్యి."

ఆమె తప్పేముంది? కొరమీనును ఎవరైనా బతికుండగానే తెచ్చి, పొయ్యి వెలిగించేదాకా నీళ్ళలోనే ఉంచుతారు. కార్తె నాడు ఇంట్లో చేప వండకపోతేనే తప్పు. ప్రేమదాసుకు ఏడుపు కూడా రాలేదు. ఉన్న ఒక్క సాక్షి కూడా పులుసులో ఉడుకుతుంటే ఇక తన మాట ఎవరు నమ్ముతారు? బిందె ఒకటి అందుకుని బజారుకు పరుగు తీశాడు.

కార్తె సరుకు పొద్దున్నే అమ్ముడైపోయింది. చేపల పుల్లమ్మ గంపలు కడుక్కుంటోంది. ఆమె పక్కన కుండలో ఏదో దబదబా కొట్టుకుంటోంది.

"అది మా ఇంటికయ్యా. ఇయ్యను."

"పుల్లమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ చేప లేకపోతే నా ఉద్యోగం పోద్ది."

"చేప లేకపోతే ఉద్యోగం పోవటమేంటయ్యా?" అంది గానీ, అతని మొహం చూసి జడుసుకుని కుండ ఎత్తి బిందెలో వంపేసింది.

అది మూరెడు కొరమీను. దాన్ని తొట్టిలో దించీ దించగానే గుమ్మం ముందు జీపు ఆగింది. సోమయాజులుగారు దిగారు, వెనకాలే బుల్లిబాబు దిగాడు. ఇన్నాళ్ళకు స్పెషలిస్టు తొట్టి చూడటానికి వచ్చాడు. ఆఫీసరుగారు రెక్క పట్టుకుని తీసుకొస్తే వచ్చాడు.

"ఏవోయ్, ఏవీ మన చేపలు?" అంటూ లోపలికి వచ్చిన ఆఫీసరుగారు తొట్టి ముందు నిలబడిపోయారు. "ఇదేమిటి?"

ప్రేమదాసు బుల్లిబాబు వంక చూశాడు. బుల్లిబాబు కొరమీను వంక చూశాడు. అతని మొహం పాలిపోయింది. ఎవరి నోట్లోంచి కొరమీను అన్న మాట వచ్చినా ఒకరి ఉద్యోగం, ఒకరి కొట్టు రెండూ పోతాయి. ప్రేమదాసు చేతులు జోడించి, "అయ్యా, నిజం చెప్తాను..." అన్నాడు.

"నేను చెప్తా సార్!" అంటూ బుల్లిబాబు అడ్డం పడ్డాడు. "సింగపూరు ఎర్రరాణి సార్. అగ్గిపుల్లంత పిల్లనిచ్చా. ఇంత చేశాడంటే ఎట్టా సాకాడో చూడండి."

"నా బంగారు చేపలేవీ మరి?"

"ఇది ఉన్న తొట్టిలో అవి ఉండలేవు సార్."

"నిజమేనండీ" అన్నాడు ప్రేమదాసు.

శాకాహారి అయిన సోమయాజులుగారు కొరమీనును అంతకుముందు ఏనాడూ చూసి ఉండలేదు. కళ్ళజోడు సవరించుకుని, వంగి, దాని చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేశారు. "రాజసమంటే ఇదీ!" అన్నారు. అంతలో ఆయన ముక్కు చిట్లించారు. "ఏమిటోయ్ ఈ వాసన?"

వంటింట్లోంచి పున్నమ్మ కంఠం వినిపించింది. "కార్తె కదండీ బాబుగారూ, చేపల పులుసు!"

ఆఫీసరుగారు వంటింటి వంక చూశారు, తొట్టి వంక చూశారు, ప్రేమదాసు భుజం మీద చెయ్యి వేశారు.

"చూశావా బుల్లిబాబూ! కార్తె నాడు బయట చేప తెచ్చి వండుకున్నారే గానీ, ఇంట్లో ఇంత చేప ఉంటే దాని జోలికి పోలేదు. అదీ మనిషంటే! ఇతన్ని పర్మనెంటు చేయకపోతే ఇంకెవర్ని చేస్తాను? ఈ రోజే సంతకం పెట్టేస్తాను. అన్నట్టు, బెజవాడలో మా పై ఆఫీసరుగారికి కూడా ఇలాంటి జత ఒకటి కావాలి. ఇంతే ఉండాలి సుమా, నలుసులు కాదు. వచ్చేవారానికల్లా తెచ్చిపెట్టు."

ఆయన జీపెక్కబోతుంటే బుల్లిబాబు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. నుదుటి మీద చెమట. "ఆ వారం మద్రాసు సరుకు రాలేదయ్యా. మునేరు ఏట్లో పట్టినవి ఎవడో తెచ్చిస్తే, నువ్వు ఎట్టాగూ నోరెత్తవులెమ్మని ఇచ్చా. ఇప్పుడు ఇంతలేసి జత నేనెక్కణ్ణుంచి తేనూ? నేనిచ్చిన నలుసు మూడు నెలల్లో మూరెడు కాదు. నీకిది ఎక్కడ దొరికింది?" అని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్పండి ప్రేమదాసుగారూ, మీకు పుణ్యముంటుంది."

"నేనొచ్చి చెప్పాల్సిన కేసు కాదు లెండి బాబుగారూ" అన్నాడు ప్రేమదాసు.

జీపు వెళ్ళిపోయింది. బేబి తిరిగొచ్చి, సంగతి విని, చాలా రోజుల తర్వాత మొగుడి వంక చూసి నవ్వింది. శివరాత్రి తర్వాత మొదటిసారి ప్రేమదాసుకు ఆకలి వేసింది. అత్తగారు ముక్కలు ఏరి ఏరి వడ్డించింది. ఆఫీసరుగారి బంగారు చేపలు, తర్వాత తెచ్చిన జతలు, వాటన్నిటినీ మింగిన సింగపూరు రాణి, అందరూ ఆ పులుసులోనే ఉన్నారు.

ఉప్పు ఒక్కటే కాస్త తగ్గింది.