శౌరివర్మ వంటింటి గడప తొక్కడు

“ఇగ మన పిల్లలకు మగోడంటే ఎట్లుండాల్నో తెలుస్తది!”

వినయ్‌కుమార్ ఈ చారిత్రక ప్రకటనను సిరోంచలోని తన వంటింట్లో నిలబడి చేశాడు. చేతుల నిండా చేపల కారం ఉండటంతో ఫోను భార్య ప్రసన్న అతని చెవి దగ్గర పట్టుకుంది. కుర్రకారు కోసం అతను రాసిన నవలను హైదరాబాదు వాళ్ళు పుస్తకంగా వేస్తున్నారట! కొత్త పెళ్ళికూతురు ప్రసన్న ఎగిరి గంతేసింది.

నవలా నాయకుడు శౌరివర్మకు పదహారేళ్ళు. ఏడవడు. గొడుగు పట్టడు. ప్రాణహితను వరదలో ఈదుతాడు, అదీ బూట్లు విప్పకుండా! వంటింటి గడప తొక్కితే పౌరుషం ఆవిరైపోతుందని అతని సిద్ధాంతం.

అతన్ని పుట్టించిన రచయిత మాత్రం తలుపు గడియ పెట్టుకుని చేపల పులుసు వండుతాడు. ఆ కాసేపూ ప్రసన్న కిటికీ పక్కన ఖాళీ గిన్నెలో గరిటె గలగలా తిప్పాలి. కోడలే వండుతోందని వాడకట్టు అనుకోవాలి కదా! అందుకు జీతం, పులుసులో మొదటి ముక్క. ఇంతకన్నా హాయైన ఉద్యోగం ఉంటుందా?

“రేపు పుస్తకమేసేటోళ్ళు మనింటికి వీడియో తీయనీకి వస్తున్రట,” అన్నాడు వినయ్ గంభీరంగా. “నువ్వు వండిపెట్టాలె. నేను అరుగు మీద కూసుంట.”

“నాకు వండరాదు గద!”

“నేర్చుకో. ఇగ నేను వంటింట్లకు రావద్దు. రాసినోడు రాసినట్టు బతకాలె.”

“ఎన్నటికీ రావా?”

“రాను!”

గడియ వెనక మోచేతులు తగిలించుకుని నవ్వుకోవడాలన్నీ ఇక అంతేనా? లేని కుర్రాడొకడు ఉన్న మొగుణ్ణి వంటింట్లోంచి గెంటేస్తున్నాడే! కోపంతో గడియ లాగింది.

ఎదురుగా పక్క వాటాలో ఉండే అత్త రాజక్క, మామ పోశం. అరుపులు విని వచ్చారు.

“చూడుండ్రి మామా! వండనంటున్నడు!”

పోశం కొడుకు వైపు చూడనైనా లేదు. “చేపల పులుసుల ఎవలన్న గరిటె తిప్పుతరా బిడ్డా? ముక్కలు చిదుర్తయ్! గిన్నె పట్టి ఊపాలె. నీ గరిటె చప్పుడుకు వాడకట్టు మగోళ్ళంత నవ్వుతున్రు.”

“మగోళ్ళకెట్ల ఎరుక మామా?”

పోశం చప్పున నోరు మూసుకున్నాడు. ఆలస్యమైపోయింది!

“ఎందుకెరుక గాదు?” అంది రాజక్క. “గడియ పెట్టుకునేది నీ మొగడొక్కడే అనుకున్నవా? పెండ్లయిన కాంచి మా ఇంట్ల చేపలు వండేది మీ మామనే!”

“బాపూ!” అన్నాడు వినయ్. శౌరివర్మ ఎన్నడూ రాల్చని కన్నీళ్ళు అతని సృష్టికర్త కళ్ళలో తిరిగాయి. “‘వంటిల్లెరుగని వీరునికి’ అని పుస్తకం నీకే అంకితమిచ్చిన గదనే!”

“మంచిగ రాసినవ్ బిడ్డా,” అన్నాడు పోశం ఏమాత్రం తొణక్కుండా. “గట్లనే ఉంచు.”

ప్రసన్నకు నవ్వాగలేదు. అత్త చెయ్యి పట్టుకుని అక్కడికక్కడే ప్రకటించింది:

“రేపు పొయ్యి వాకిట్ల పెడుతున్నం! తండ్రీకొడుకులు వండుతరు, వీడియోవాళ్ళు తీస్తరు. అత్తా, మనం పొద్దుగాలనే పీటలేసుకొని ముందల కూసుందాం!”