ఖిదిర్‌పూర్ రేవులో డీజిలు గెలిచిన విధం

డీజిలు కారు ముందు వేగం అందుకుంటుందా, పెట్రోలు కారు అందుకుంటుందా అన్న చిక్కు ప్రశ్నకు బెంగాలీ గడ్డ మీది ఖిదిర్‌పూర్ రేవులో శాస్త్రీయమైన సమాధానం దొరికిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పరీక్ష జరిగినప్పుడు రెండు కార్లలోనూ చుక్క ఇంధనం లేదు. అందువల్ల పక్షపాతం జరిగిందనే ఆరోపణకు తావు లేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో ఓడలోంచి రెండు కూపేలు దిగాయి. కూపే అంటే రెండే తలుపులుండి, వెనక కూర్చున్నవాళ్లు ముందువాళ్ల దయ మీద బతికే కారు. నల్లది డీజిలు, ఎర్రది పెట్రోలు. సుంకం గొడవ తేలేదాకా రెండూ రేవులోనే ఉండాలనీ, ఇంజన్లు తిప్పరాదనీ ఉత్తర్వు వచ్చింది. కదలని బండి మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం సులువు కనుక, వారం తిరక్కుండానే రేవంతా రెండు వర్గాలైంది. బతుకులో స్టీరింగు పట్టుకోని వారంతా పక్కనున్న వాట్‌గంజ్ టీకొట్లలో పికప్ గురించి మాట్లాడసాగారు. డీజిలు వారు పోయించిన టీ పెట్రోలు వారు ముట్టడం మానేశారు.

డీజిలు వర్గానికి నాయకుడు కూర్మయ్య. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చినవాడు, బరువులు తోసే ముఠాకు పాట ఎత్తేవాడు. అతను "హైలెస్సా" అంటే చాలు, ముఠా అంతా "హైలెస్సా" అంటూ ఒక్క భుజంగా కదులుతుంది. మీసం మొలవకముందు రేవులో చేరాడు. మీసం నెరిసింది గాని పర్మినెంటు కార్డు రాలేదు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. పిలిస్తే పని, లేకపోతే ఇంటిదారి. పెట్రోలు వర్గానికి నాయకుడు అతని బావమరిది గురువులు. అతనికీ కార్డు లేదు. ఆ ఒక్క విషయంలో కుటుంబంలో ఐకమత్యం ఉండేది.

విభేదాలు ముదిరి పని కుంటుపడటంతో కార్మిక సంఘం కార్యదర్శి బటబ్యాల్ బాబు రంగంలోకి దిగారు. ఆయన ఎక్కని వేదిక లేదు, దిగిన వేదికా లేదు.

"కామ్రేడ్స్! ఇంజను తిప్పవద్దని ఉత్తర్వులో ఉంది. తొయ్యవద్దని లేదు. శ్రామికుడు ముట్టుకోని యంత్రం యంత్రమే కాదు. గెలిచిన పక్షాన్ని నడిపిన కామ్రేడుకు పర్మినెంటు కార్డు ఇప్పిస్తాను. ఇది సంఘం మాట!" అన్నారాయన.

ఆ పూట కూర్మయ్య భార్య జగ్గమ్మ చేపల కూర వండి తమ్ముడు గురువులును కూడా భోజనానికి పిలిచింది. బావ గెలిచినా బావమరిది గెలిచినా కార్డు తన గడపలోకే వస్తుందని ఆమె ధైర్యం. మొగుడు గేటు దగ్గర నిలబడే పొద్దులు పోతాయన్న ఆశతో ఆమె కూరలో కారం కూడా తగ్గించింది.

విదేశాల్లో కారు సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగం ఎంతసేపట్లో అందుకుంటుందో చూస్తారట. మన పరిస్థితులకు తగినట్టుగా, పరీక్ష కోసం వేసిన ఉపసంఘం దీన్ని సున్నా నుంచి బటబ్యాల్ బాబు దాకా అని సవరించింది. బాబు గొడుగు పట్టుకుని నది ఒడ్డునున్న క్రేను వైపు నడుస్తారు. ఆయన్ను ఏ కారు ముందు దాటితే దానిదే గెలుపు. ఆయన నడకలో ఎన్నడూ తేడా రాదని కార్యవర్గం ఏకగ్రీవంగా ధ్రువీకరించింది.

మొదటి పరీక్షలో చిన్న ఇబ్బంది వచ్చింది. రెండు ముఠాలవాళ్లూ ఒకే ఊరివాళ్లు. కూర్మయ్య "హైలెస్సా" అనగానే పెట్రోలు ముఠా కూడా అలవాటు కొద్దీ భుజం వేసింది. కార్లు రెండూ కవలపిల్లల్లా కలిసే వెళ్లాయి.

"ఒరే, నా పాటకి మీరు తోస్తారేటర్రా?" అని కూర్మయ్య అరిచాడు.

"నీ కేక ఇన్నాక సేతులాగుతాయేటి బావా?" అన్నాడు గురువులు.

ఉపసంఘం చర్చించి, పెట్రోలు వర్గం ఇకపై రాష్ట్ర భాషలో తొయ్యాలని తీర్మానించింది. పెట్రోలు ముఠాకు ఒక్క గొంతుతో పలకడం వచ్చిన బెంగాలీ మాట ఒకటే ఉంది. అది ఊరేగింపుల్లో నేర్చినది. రెండో పరీక్షలో గురువులు ఊపిరి బిగించి, "ఎటా చొల్బే నా!" అని ఎత్తాడు. ఇది సాగదని దాని అర్థం. "చొల్బే నా! చొల్బే నా!" అని ముఠా ఉరిమింది. ఏళ్ల తరబడి చేసిన సాధన ఊరికే పోతుందా? చేతులన్నీ కారును వదిలేసి పిడికిళ్లై గాలిలోకి లేచాయి. ఎర్రకారు ఉన్నచోటే నిలబడి నినాదాలు వింది. నల్లకారు బాబును దాటి, క్రేనును దాటి, నదిలోకి దిగకుండా అతికష్టం మీద ఆగింది.

"డీజిలు గెల్సీసింది! డీజిలంటే డీజిలే!" అని అందరికంటే గట్టిగా అరిచినవాడు కూర్మయ్యే. అతని చొక్కా పిండితే చెమటతో బకెట్టు నిండేట్టుంది.

బాబు వేదికెక్కారు. "బయలుదేరేటప్పుడు డీజిలుకు ఉండే లాగుడు పెట్రోలుకు లేదని నేడు రుజువైంది" అంటూ నల్లకారు బానెట్టు మీద పూలదండ వేశారు. పెట్రోలు ఓటమికి కారణం కూడా తేలింది. గురువులు చేతులెత్తేయడమేనట. వారం రోజులు అతన్ని గేటు దగ్గర పిలవరాదని నిర్ణయం జరిగింది.

"బాబూ, మరి నా కార్డు?" అన్నాడు కూర్మయ్య.

"డీజిలు గెలిచిందని నువ్వే కదా దాదా అరిచావు? సంఘం నిజాయితీ గలది. ఒకరి గెలుపుకు ఇంకొకరికి కార్డు ఇవ్వదు" అన్నారు బాబు ఆప్యాయంగా.

కూర్మయ్యకు ఆ మాట సబబుగానే తోచింది. జగ్గమ్మ మాత్రం జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"కారు ఆగిపోతే మా తమ్ముడి సేతులు కనపడ్డాయి. ఎల్లిపోతే మా ఆయన సేతులు కనపళ్లేదేటి బాబూ?"

ఇది సాంకేతిక విషయమని, ఆడవాళ్లకు అర్థం కాదని బాబు సర్దిచెప్పి సభ ముగించారు.

కూర్మయ్య ఇప్పటికీ పొద్దున్నే గేటు దగ్గరే ఉంటాడు. అడిగినవారికల్లా డీజిలు కారే కొనుక్కోమని సలహా ఇస్తాడు. అతన్ని చూసి నవ్వుకునే ముందు పాఠక మహాశయులకు ఒక మనవి. మీరూ ఇంతసేపూ నల్లకారా ఎర్రకారా అనే కదా చదివారు? కార్డు ఎవరి చేతికి వస్తుందోనని చదివినవారు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, జగ్గమ్మకు చూపిస్తాము.