వియ్యంకుడు ఉడకబెట్టిన బిళ్ల

ఆ రోజు పొద్దున రాజమౌళి వేసుకున్న పథకం చాలా చిన్నది. సిరిసిల్ల నుంచి కోరుట్లకు పోవాలి, వియ్యాలవారింట్లో నాలుగు మెతుకులు తినాలి, ఏడో నెల కడుపుతో ఉన్న కూతురు మాధవిని కారులో కూర్చోబెట్టుకొని ఇంటికి రావాలి. అంతే.

మధ్యాహ్నం రెండున్నరకు అమావాస్య తగులుతుంది. ఆ తర్వాత ఎనిమిదో నెల పడుతుంది. సరి నెలలో ఆడబిడ్డను పుట్టింటికి తీసుకురారు. తొమ్మిదో నెల దాకా ఆగుదామంటే అంత దూరం ప్రయాణానికి డాక్టరమ్మ ఒప్పుకోదు. అంటే ఈ రోజు తెచ్చుకోకపోతే ఒక్కగానొక్క కూతురి పురుడు తమ చేతుల మీద జరగదు. అందుకని రాజమౌళి భార్య వజ్రమ్మకు నాలుగు రోజులుగా నిద్ర లేదు.

"టాక్సీ మాట్లాడుకపోవయ్యా. నీ బండికి ఇరవై ఏడేండ్లు. నా బిడ్డను నడిమిట్ల నిలబెడుతది" అంది వజ్రమ్మ.

"దవాఖాన్ల నుంచి మాధవిని ఇంటికి తెచ్చుకున్నది గీ బండ్లనే గదనే? గప్పుడు నిలబెట్టిందా?"

"గప్పుడు బండి కొత్తది. నువ్వు గూడ కొత్తోనివే."

"నువ్వు వాకిట్ల ఎర్రనీళ్లు కలిపి పెట్టు, దిష్టి తియ్యాలె. ఒక్కన్ని పోత, ముగ్గురమై అస్తం."

ఆ ముగ్గురు అనే మాటకు వజ్రమ్మ మెత్తబడిపోయింది. ఇక టాక్సీ మాట ఎత్తలేదు.

వేములవాడ దాకా కారు బుద్ధిగానే నడిచింది. రుద్రంగి గుట్టల దగ్గర వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు జరగడం మొదలుపెట్టింది. రాజమౌళి పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. ఆయన మెకానిక్ కాదు, ఎనిమిది మరమగ్గాలు నడిపే ఆసామి. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. సాంచె ఆగితే దాన్ని తిట్టకూడదు, పోగు ఎక్కడ తెగిందో వరుసగా వెతుక్కుంటూ రావాలి అన్నది ఆయన నలభై ఏళ్ల అనుభవం. కారుకూ అదే న్యాయం. నీళ్లు చూశాడు, ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. బెల్టు బిగువుగానే ఉంది. ఇంజను పొయ్యిలా కాలుతోంది గానీ, అందులోంచి రేడియేటరుకు పోయే పైపు మాత్రం చల్లగా ఉంది.

పోగు దొరికింది. ఇంజనులో కాగిన నీళ్లు చల్లారడానికి బయటికి పోవడం లేదు. నీళ్లు వేడెక్కగానే తనంతట తాను తలుపులా తెరుచుకోవలసిన ఇత్తడి బిళ్ల ఒకటి మధ్యలో ఉంటుంది. థర్మోస్టాట్ అంటారు. అది మూసుకొని కూర్చుందన్నమాట.

వేడి తగ్గించడానికి రాజమౌళికి తెలిసిన ఉపాయం ఒక్కటే. కారులో చలికాలానికి వాడే హీటర్ పూర్తిగా తిప్పితే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ముల్లు దిగింది. చైత్రమాసం ఎండలో, హీటర్ వేసుకొని, కిటికీలు తెరుచుకొని, పాతిక కిలోమీటర్లు నడిపి, పది గంటలకు కోరుట్లలో దిగాడు.

వియ్యపురాలు ఐలమ్మ నీళ్ల చెంబుతో ఎదురొచ్చి గడపలోనే ఆగిపోయింది. "అయ్యో అన్నా, గిదేంది? మొకం గింత ఎర్రగైంది, అంగి పిండుకునేటట్టున్నది!"

"ఎండ చెల్లె, ఎండ."

మాధవి ఒక చేయి నడుం మీద పెట్టుకొని మెల్లగా నడిచొచ్చింది. "బాపూ, బండి మంచిగనే అచ్చిందా?"

కూతురి ముఖంలో కొత్త నిండుదనం చూసేసరికి రాజమౌళికి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ తడి కూడా చెమటలో కలిసిపోయింది. "బండికేమైతది బిడ్డా? గుర్రం."

నిజం చెబితే ఐలమ్మ పిల్లను పంపదు. ఆమె కోడలిని మేడ మెట్లు కూడా ఒంటరిగా ఎక్కనివ్వని మనిషి. అందుకే రాజమౌళి, కారును నీడకు పెడతానని పక్క సందులోకి తోసుకుపోయి, ఇంజను చల్లారేదాకా ఆగి, పాన పెట్టి రెండు బోల్టులు విప్పి, మూత ఎత్తి, థర్మోస్టాట్ తీసి దస్తీలో చుట్టుకొచ్చాడు. అది లేకపోయినా కారు నడుస్తుంది. కానీ తప్పు దానిదేనని తేలాలి. తేలకుండా కూతుర్ని ఎక్కించడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. తేల్చుకొనే మార్గం సులువే. మరిగే నీళ్లలో వేస్తే మంచి బిళ్ల నోరు తెరుస్తుంది, చెడ్డది తెరవదు.

"చెల్లె, ఒక గిన్నెల నీళ్లు మరగవెట్టుకుంట. ఇంట్ల జ్వరం చూసే పుల్ల ఉన్నదా?"

"ఎవలికన్నా?"

"ఎవలికి లేదు. ఊకెనే."

"ఊకెనే జ్వరం ఎవలు చూసుకుంటరు?" అంటూనే ఐలమ్మ పుల్ల తెచ్చిచ్చింది. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. రాజమౌళికి బట్ట నేయడం వచ్చుగానీ అతకడం రాదు.

ఎనభై రెండు డిగ్రీలకు తెరుచుకోవాలని బిళ్ల మీదే రాసి ఉంది. కొలుద్దామని పుల్లను వేడినీళ్లలో ముంచాడు. పాదరసం ఒక్క దూకుకు చివరి గీత దాకా పోయి అక్కడే కూర్చుంది. ఇది మనుషులకే పనికొస్తుందనుకొని దాన్ని కిటికీలో పెట్టాడు. జేబులో ఎప్పుడూ ఉండే నూలుపోగుతో బిళ్లను కట్టి, గరిటెకు వేలాడదీసి, నీళ్లలోకి దించాడు. నీళ్లు కుతకుతలాడాయి. బిళ్ల నోరు విప్పలేదు. ఇంకో పది నిమిషాలు చూశాడు. ఊహూ.

రాజమౌళికి ప్రాణం లేచొచ్చింది. దొంగ దొరికాడు. ఇక ఆ బిళ్ల లేకుండా మూత బిగిస్తే సిరిసిల్ల దాకా ఏ భయం లేదు. గరిటెను అట్లాగే వదిలేసి సందులోకి పరిగెత్తాడు.

అటు ఆయన పోగానే ఇటు ఐలమ్మ వంటింట్లోకి వచ్చింది. కిటికీలో పుల్ల చూసింది. పొయ్యి మీద, మరిగే నీళ్లలో, దారానికి వేలాడే ఇత్తడి బిళ్లను చూసింది.

"ఓ మాధవోళ్ల మామా! జల్ది రా! మీ బావకు నూట పది!" అని భర్తను కేక వేసింది.

యాదగిరి మోకాళ్లు పట్టుకొని కుంటుతూ వచ్చాడు. "నూట పదికి మనిషి బతుకుతడానే?"

"అందుకే గదా తాయెత్తు ఉడకవెట్టుకుంటుండు! సిరిసిల్లల గీ మందు నడుస్తదేమో."

ఆ తర్వాత రాజమౌళి చేతిలో ఏదీ లేదు. సందులోంచి రెక్కలు పట్టుకొని లాక్కొచ్చి మంచం మీద వేశారు. దుప్పటి కప్పారు. నుదుటి మీద తడిగుడ్డ వేశారు. ఐలమ్మ రెండు ఫోన్లు చేసింది. ఒకటి జగిత్యాల బట్టల దుకాణంలో ఉన్న కొడుకు ధనుంజయ్‌కు, ఒకటి సిరిసిల్లకు. పక్కింటి మల్లక్క బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకొని చూడ్డానికొచ్చింది. పన్నెండున్నరకల్లా తలాపున ఎనిమిది బ్రెడ్డు ప్యాకెట్లు చేరాయి. కోరుట్లలో అంత మర్యాద.

"చెల్లె, నాకు జ్వరం లేదు. పిల్లను పంపు, పొద్దు పోతున్నది."

"జ్వరమున్నోళ్లు గట్లనే అంటరు. నడిమిట్ల నువ్వు వడిపోతే కడుపుతోటున్న పిల్ల ఏం జేయాలె? ఇగ పంప. పురుడు ఈడనే పోసుకుంటం."

రాజమౌళి దుప్పటి కింద కళ్లు మూసుకున్నాడు. ఎర్రనీళ్లు కలిపి వాకిట్లో నిలబడ్డ వజ్రమ్మ కళ్ల ముందు కదిలింది. నిజం చెబితే కారు చెడ్డదని పంపరు, చెప్పకపోతే మనిషి చెడ్డాడని పంపరు.

ఇంతలో ధనుంజయ్ చెమటలు కక్కుతూ దిగాడు. "లెవ్వు మామా, జగిత్యాల దవాఖానకు పోదాం. మీ కారున్నది గదా, చాబి ఇయ్యి."

రాజమౌళి చాబిని పిడికిట్లో బిగించాడు. "ఇయ్య."

"నేను నడుపుత మామా."

"ఇయ్యనంటే ఇయ్య!"

"సంధి పుట్టింది" అని మల్లక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఒకటిన్నరకు ఇంటి ముందు టాక్సీ ఆగింది. వజ్రమ్మ ఒక కాలికే చెప్పుతో దిగి, గుంపును తోసుకొని వచ్చి, మంచం పట్టె మీద తల వాల్చేసింది. "పొద్దుగాల నేను బండిని తిట్టిన గని నిన్ను తిట్టలేదయ్యా! ఎందుకు గింత మనసుకు వెట్టుకున్నవ్?"

ముప్పై ఏళ్ల కాపురంలో వజ్రమ్మ తన కోసం ఇట్లా ఏడవడం రాజమౌళి చూడలేదు. ఆయన ఇక తట్టుకోలేకపోయాడు. దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు.

"నాకు జ్వరం లేదే. బండి వేడెక్కింది. గా బిళ్ల చెడిపోయింది. నువ్వన్నదే నిజం."

ఐలమ్మ మెల్లగా అడిగింది. "మరి నూట పది?"

"గది నీళ్లకు చెల్లె."

"తాయెత్తు?"

"కారుది."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ మాధవి ముందుకొచ్చింది. "నాకు పొద్దుగాలనే తెలుసు బాపూ. బండిల హీటర్ ఏసి ఉన్నది. ఎండకాలం హీటర్ ఏసుకొని ఎవలస్తరు?" అంటూ చేతిలోది చూపించింది. చీర డబ్బా అట్టను గుండ్రంగా కత్తిరించి, మధ్యలో బొక్క, రెండు పక్కలా బోల్టులకు చిల్లులు పెట్టింది. మూత కింద నీళ్లు కారకుండా వేసే అట్ట అది. చిన్నప్పుడు తండ్రి బానెట్ ఎత్తితే టార్చి పట్టుకొని నిలబడింది ఈ పిల్లే.

"తెలిసి ఎందుకు చెప్పలేదే?" అంది ఐలమ్మ.

"చెప్తే నువ్వు గా బండ్ల పంపవు అత్తమ్మా. నాకేమో గా బండ్లనే పోవాలనున్నది."

రాజమౌళి కూతురి చేతిలోని అట్ట తీసుకొని దస్తీతో కళ్లు తుడుచుకున్నాడు. దస్తీకి ఇంజను మసి ఉండటంతో ముఖం నల్లనైంది.

"సరే, అయిందేదో అయింది. మంచిగ టాక్సీ ఉన్నది, గండ్ల పోండ్రి" అని ఐలమ్మ తీర్పు చెప్పింది. అందరూ వజ్రమ్మ వైపు చూశారు. పొద్దున్నుంచీ టాక్సీ అన్నది ఆమే మరి.

వజ్రమ్మ చెప్పు లేని కాలితో నేలను రాసింది. "సిరిసిల్ల నుంచి గీడిదాంక ఏడ్సుకుంట అచ్చిన గా బండ్ల. ఏడ్సిన బండ్ల నా బిడ్డను ఇంటికి తోలుకపోతనా? ఏమయ్యా, నీ బండికి మూత బిగియ్యి."

దాన్ని కాదనడం ఐలమ్మకు కూడా చేతకాలేదు. రాజమౌళి మూత బిగిస్తుంటే, మాధవి స్టూలు మీద కూర్చొని పట్టపగలు టార్చి పట్టింది. అమావాస్య తగలకముందే గడప దాటితే చాలన్న లెక్కతో, రెండూ పదికి, ఒడిబియ్యంతో, పాత కారు కదిలింది. ఏమైనా అయితే ఉంటుందని ఖాళీ టాక్సీ, ఎనిమిది బ్రెడ్డు ప్యాకెట్లు పెట్టుకొని, సిరిసిల్ల దాకా దాని వెనకే వచ్చింది. ముల్లు దారి పొడుగునా లేవలేదు. వాకిట్లో ఎర్రనీళ్లు ఎండకు సగం ఇంకిపోయినా దిష్టికి సరిపోయాయి.

రెండు నెలలకు మాధవికి ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికొచ్చిన యాదగిరి మేడ మెట్లు చకచకా ఎక్కుతుంటే రాజమౌళి నోరు తెరిచాడు.

"గా నాడు నువ్వు ఉడకవెట్టిన నీళ్లు పారబొయ్యబుద్ధి కాక, తువ్వాల ముంచి మోకాళ్లకు కాపిన బావా. నొప్పి పోయింది" అన్నాడు యాదగిరి.

"మరి నా బిళ్ల?"

"గిప్పుడు నా తాన యాడిది? మల్లక్క నడుముకని తీసుకపోయింది."

కారులో నోరు తెరవనని మొండికేసిన ఆ బిళ్ల కోసం కోరుట్లలో ఇప్పుడు వారం ముందు చెప్పుకుంటే గానీ వంతు రాదు.